లేసర్ వెలుగుతో కరెంటు పుట్టేనా?

2022 డిసెంబరు 5వ తేదీ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లివర్‌మోర్ అనే ఊళ్లో, అర్ధరాత్రి దాటి ఒంటి గంట అయింది. అక్కడి లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 192 లేసర్ పుంజాలు ఒక్కసారిగా ఒక చిన్న బంగారు గొట్టంలోకి దూసుకుపోయాయి. ఆ గొట్టం మధ్యలో ఆవగింజంత గుళిక ఉంది. పుంజాలు మోసుకుపోయిన కాంతిశక్తి 20 లక్షల 50 వేల జౌళ్లు. గుళికలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోగా వెలువడిన శక్తి 31 లక్షల 50 వేల జౌళ్లు. అంటే పెట్టిన కాంతి కంటె వచ్చిన శక్తి ఎక్కువ. ప్రయోగశాలలో నియంత్రిత కేంద్రక సంలీనంతో ఇలా జరగడం అదే మొదటిసారి. ప్రపంచంలోని ఎన్నో పత్రికలు ఈ వార్తను ప్రముఖంగా వేశాయి.

31 లక్షల 50 వేల జౌళ్లంటే ఎంత? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్లు కావాలని మీరు చదువుకున్నారు గదా. ఒక బిందెలో పది లీటర్ల నీళ్లు, 25 డిగ్రీల దగ్గర ఉన్నవి, తీసుకోండి. వాటిని 100 డిగ్రీలకు తేవడానికి కావలసిన ఉష్ణం 10,000 × 75 × 4.2. లెక్క కట్టి చూడండి. సరిగ్గా 31 లక్షల 50 వేల జౌళ్లు! పది లీటర్ల నీళ్లు మరిగే వేడి కోసం సుమారు 350 కోట్ల డాలర్ల యంత్రం కట్టవలసి వచ్చింది, అరవై ఏళ్లు శ్రమించవలసి వచ్చింది. మరి ఇందులో అంత సంబరపడవలసింది ఏముంది? ఈ యంత్రం రేపు మన ఇంటి దీపం వెలిగిస్తుందా? రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే ముందు సంలీనం అంటే ఏమిటో చూడాలి.

చిన్న కేంద్రకాలు కలిస్తే

పెద్ద కేంద్రకం పగిలి రెండు ముక్కలైతే శక్తి వస్తుంది. అది కేంద్రక విచ్ఛిత్తి. తారాపూర్‌లోనూ కైగాలోనూ ఉన్న మన అణువిద్యుత్ కేంద్రాలు యురేనియంతో చేసే పని అదే. దీనికి తలకిందులుగా, రెండు చిన్న కేంద్రకాలు కలిసి ఒకటైనా శక్తి వస్తుంది. అది కేంద్రక సంలీనం. సూర్యుడు వెలుగుతున్నది దీనితోనే.

హైడ్రోజన్‌కు మూడు ఐసోటోపులున్నాయి. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. డ్యుటీరియంలో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్, ట్రీటియంలో రెండు న్యూట్రాన్లు ఉంటాయి. అన్నిటికంటె సులువుగా కలిసేవి డ్యుటీరియం, ట్రీటియం:

డ్యుటీరియం + ట్రీటియం → హీలియం + న్యూట్రాన్ + 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు

ఈ శక్తి ఎక్కడిది? కలవక ముందు రెండింటి ద్రవ్యరాశి 2.0141 + 3.0160 = 5.0301 ప్రమాణాలు. కలిసిన తరువాత హీలియం 4.0026, న్యూట్రాన్ 1.0087, మొత్తం 5.0113. తగ్గిన 0.0188 ప్రమాణాల ద్రవ్యమే ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం శక్తిగా మారింది. చూడడానికి తగ్గింది బహు స్వల్పం, నూటికి నాలుగు పదులవ వంతు కూడా లేదు. కాని ఒక్క గ్రాము ఇంధనం పూర్తిగా ఇలా కలిసిపోతే సుమారు 34,000 కోట్ల జౌళ్లు వస్తాయి. అంత వేడి కావాలంటే మన దేశపు బొగ్గు రమారమి 20 టన్నులు తగలెయ్యాలి. ఒక గ్రాము ఎక్కడ, రెండు లారీల బొగ్గు ఎక్కడ! శాస్త్రజ్ఞులు ఇన్నేళ్లుగా దీని వెంట ఎందుకు పడ్డారో ఈ ఒక్క పోలికతో తెలుస్తుంది.

చిక్కంతా కలపడంలోనే ఉంది. రెండు కేంద్రకాలకూ ధనావేశమే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. అవి ఆ వికర్షణను దాటి దగ్గరికి రావాలంటే భయంకరమైన వేగంతో ఢీకొనాలి. అంటే ఇంధనాన్ని పది కోట్ల డిగ్రీల వరకు వేడి చేయాలి.

ఈ పాఠం చెబుతుంటే మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, సూర్యుడి నడిబొడ్డున ఒకటిన్నర కోటి డిగ్రీలే ఉందన్నారు గదా, మనకు పది కోట్లు దేనికండీ?” అని అడిగింది. చక్కని ప్రశ్న. సూర్యుడికి తొందర లేదు. అక్కడ సంలీనం బహు మెల్లగా జరుగుతుంది. సూర్య కేంద్రంలో ఒక ఘనమీటరు పదార్థం ఇచ్చే సామర్థ్యం సుమారు 276 వాట్లు మాత్రమే. అంతే ఘనపరిమాణం గల మనుషుల గుంపు ఇంతకంటె ఎక్కువ వేడి ఇస్తుంది! సూర్యుడు అంత పెద్దవాడు కాబట్టి మొత్తం మీద మనకు ఎండ వస్తోంది. మనకు అంత పెద్ద పొయ్యీ లేదు, అంత ఓపికా లేదు. అందుకని వేడి పెంచవలసి వస్తుంది.

లేసర్ చేసే పని

పది కోట్ల డిగ్రీల పదార్థాన్ని ఏ కుండలో పోస్తాం? ఏ గోడా ఆగదు. అయస్కాంత క్షేత్రంతో గాలిలో నిలబెట్టడం ఒక దారి. టోకమాక్ అనే యంత్రాలు చేసేది అదే. లేసర్ దారి వేరు. అసలు పట్టి ఉంచనే ఉంచరు. గుళికను అతి వేగంగా నొక్కి, అది విచ్చిపోయేలోపలే మండించేస్తారు. పదార్థానికి జడత్వం ఉంది కాబట్టి విచ్చిపోవడానికి కొంచెం వ్యవధి పడుతుంది. ఆ కొంచెం వ్యవధే మన కుండ.

నొక్కడం ఎట్లాగో చూడండి. గుళిక సుమారు 2 మిల్లీమీటర్ల వ్యాసం గల బోలు గోళం. లివర్‌మోర్‌లో దీన్ని కృత్రిమ వజ్రంతో చేస్తారు. దాని లోపలి గోడకు డ్యుటీరియం, ట్రీటియం మంచు పలుచటి పొరగా గడ్డకట్టి ఉంటుంది. ఇందుకు దానిని సున్నాకు 250 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన ఉంచాలి. ఈ గుళిక ఒక సెంటీమీటరు పొడవున్న బంగారు గొట్టం మధ్యలో వేలాడుతుంది. లేసర్ కిరణాలు గొట్టం రెండు కొసల నుంచి దూరి లోపలి గోడలకు తగులుతాయి. బంగారం అత్యంత వేడెక్కి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. ఆ ఎక్స్-కిరణాలు గుళికను అన్ని వైపుల నుంచీ సమంగా కాలుస్తాయి.

దీపావళికి తారాజువ్వ ఎలా పైకి పోతుంది? మందు కాలి కిందికి చిమ్ముతుంది, జువ్వ పైకి లేస్తుంది. న్యూటన్ మూడవ గమన నియమం. ఇక్కడ గుళిక పైపొర ఆవిరై బయటికి చిమ్ముతుంది. కాబట్టి మిగిలిన భాగం లోపలికి పోవాలి. గుళిక అంతా లోపలికి తిప్పి పెట్టిన తారాజువ్వ అనుకోండి. అది సెకండుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో కుంచించుకుపోతుంది. ఆ వేగంతో హైదరాబాదు నుంచి విజయవాడకు ఒక్క సెకండు కూడా పట్టదు. హైడ్రోజన్ అంటే అన్నిటికంటె తేలిక మూలకం గదా. అది ఈ నొక్కుడుకు సీసం కంటె ఎన్నో రెట్లు సాంద్రమవుతుంది. నట్టనడుమ ఉన్న కొద్ది భాగం పది కోట్ల డిగ్రీలు దాటుతుంది.

నెగడు వేసేటప్పుడు దుంగకు నేరుగా అగ్గిపుల్ల పెట్టం. చిదుగులు అంటిస్తే వాటి వేడికి దుంగ అంటుకుంటుంది. ఇక్కడా అంతే. నడిమి భాగంలో మొదట సంలీనం జరిగి హీలియం కేంద్రకాలు పుడతాయి. 17.6లో 3.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు వీటి వాటా. అవి చుట్టూ ఉన్న చల్లని, దట్టమైన ఇంధనంలో ఇరుక్కుని దానిని వేడి చేస్తాయి. అదీ అంటుకుంటుంది. దీన్నే జ్వలనం అంటారు. న్యూట్రాన్లకు ఆవేశం లేదు కాబట్టి తమ వాటా 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులతో అవి బయటికి వచ్చేస్తాయి.

అన్నట్టు, ఆ లేసర్ సామర్థ్యం శిఖరాన ఉన్నప్పుడు ఇంచుమించు 500 లక్షల కోట్ల వాట్లు. మన దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నిటి స్థాపిత సామర్థ్యం (2025లో సుమారు 500 గిగావాట్లు) కంటె వెయ్యి రెట్లు. అయితే అది ఉండేది సెకండులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే. అందుకే మొత్తం శక్తి సుమారు 20 లక్షల జౌళ్లే. సామర్థ్యానికీ శక్తికీ తేడా ఏమిటని పరీక్షలో అడిగితే ఈ ఉదాహరణ రాయండి.

యాభై ఏళ్ల కుస్తీ

1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగాలపై జరిగిన అంతర్జాతీయ సభకు అధ్యక్షత వహించినవారు మన హోమీ భాభా. ఇరవై ఏళ్లలో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చుకునే పద్ధతి దొరుకుతుందని ఆయన అక్కడ చెప్పారు. అప్పటికి లేసరే పుట్టలేదు. మైమన్ మొదటి లేసర్‌ను వెలిగించింది 1960లో. వెంటనే అమెరికాలోనూ, సోవియట్ యూనియన్‌లో బాసోవ్ బృందంలోనూ దీనితో సంలీనం సాధించవచ్చుననే ఆలోచన పుట్టింది. 1972లో జాన్ నకల్స్, ఆయన సహచరులు లేసర్‌తో గుళికను నొక్కే పద్ధతిని వివరంగా ప్రచురించారు. కొద్దిపాటి లేసర్ శక్తితోనే పని జరుగుతుందని తొలినాటి లెక్కలు ఆశ చూపాయి.

1977లో లివర్‌మోర్‌లో 20 పుంజాల పెద్ద లేసర్ తయారైంది. దాని పేరేమిటో తెలుసా? శివ! అనేక బాహువులు గల మన దేవుడి పేరే దానికి పెట్టారు. శివ ఒక చేదు పాఠం నేర్పింది. పరారుణ కాంతి ప్లాస్మాలో ఎలక్ట్రాన్లను అతి వేగంగా తరిమి, ఇంధనాన్ని నొక్కక ముందే వేడెక్కిస్తోంది. సైకిల్ ట్యూబులో గాలి చల్లగా ఉన్నప్పుడు కొట్టడం తేలిక, వేడెక్కితే కష్టం. అదే సమస్య. అందుచేత 1984లో వచ్చిన నోవాలో కాంతి తరంగదైర్ఘ్యాన్ని తగ్గించి వాడారు.

రెండో శత్రువు ఇంకా మొండిది. చపాతీ పిండి ముద్దను గుప్పిట్లో గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి బయటికి వస్తుంది. గుళికను నొక్కేటప్పుడు ఎక్కడ ఒత్తిడి ఇసుమంత తక్కువైనా అక్కడి నుంచి పదార్థం తన్నుకొస్తుంది. గుళిక మీద కంటికి కనిపించని గరుకు చాలు, నొక్కేకొద్దీ అది గుంటై, నాళమై, నడిమి వేడిని చల్లార్చేస్తుంది.

2009లో పూర్తయిన 192 పుంజాల యంత్రం పేరు నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ. ఇగ్నిషన్ అంటే జ్వలనమే. 2012కల్లా జ్వలనం సాధిస్తామని పేరులోనే చెప్పి కూర్చున్నారు. కంప్యూటర్లు అవుతుందన్నాయి. గుళికలు కాదన్నాయి. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లయిందని చాలామంది నవ్వారు. అక్కడివారు మాత్రం పని మానలేదు. గుళికను ప్లాస్టిక్ నుంచి వజ్రానికి మార్చారు. ఇంధనం నింపే సన్నని గొట్టాన్ని ఇంకా సన్నగా, రెండు మైక్రోమీటర్లకు, తగ్గించారు. 2021 ఆగస్టులో 13 లక్షల 70 వేల జౌళ్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది డిసెంబరు సంగతి మీకు చెప్పనే చెప్పాను. 2023 జులైలో 38 లక్షల 80 వేలు, 2024 ఫిబ్రవరిలో 52 లక్షలు, 2025 ఏప్రిల్‌లో 86 లక్షల జౌళ్లు. ఈ చివరిసారి ఇచ్చిన కాంతి 20 లక్షల 80 వేల జౌళ్లే. అంటే నాలుగు రెట్లు పైన లాభం. నా దృష్టిలో 2022 నాటి అంకె కంటె ఈ వరస ముఖ్యం. ఒక్కసారి తగిలితే అదృష్టం అనవచ్చు, ఇన్నిసార్లు, అదీ పెరుగుతూ తగిలితే అనలేం.

ఇక అసలు లెక్క

లాభం అన్నది లేసర్ కాంతితో పోల్చి. మరి ఆ లేసర్ కాంతిని పుట్టించడానికి కరెంటు ఎంత కావాలి? ఒక్కో ప్రయోగానికి సుమారు 30 కోట్ల జౌళ్లు! మన మీటరు భాషలో 83 యూనిట్లు, ఒక చిన్న ఇంటికి నెలకు సరిపోయే కరెంటు. 83 యూనిట్లు పోసి రెండున్నర యూనిట్లు కూడా నిండని వేడి సంపాదించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అయితే ఆ యంత్రాన్ని కరెంటు పొదుపు కోసం కట్టలేదు. 1990ల నాటి ఫ్లాష్ దీపాల లేసర్ అది, అందుకున్న కరెంటులో నూటికి ఒక వంతు కూడా కాంతిగా మార్చదు. ఈనాటి డయోడ్ లేసర్లతో నూటికి 10 వంతులో, అంతకు మించో మార్చవచ్చు.

మనమే కాగితం మీద ఒక కేంద్రాన్ని కడదాం. లేసర్ శక్తి 20 లక్షల జౌళ్లు. లేసర్ దక్షత నూటికి 10. కాబట్టి ఒక్కో గుళికకు 2 కోట్ల జౌళ్ల కరెంటు కావాలి. సంలీన లాభం 100 రెట్లు అనుకుందాం, వేడి 20 కోట్ల జౌళ్లు. దీంతో నీటిని మరిగించి, ఆవిరితో టర్బైను తిప్పాలి. ఎంత గొప్ప భౌతికశాస్త్రమైనా చివరికి రామగుండంలోలాగా ఆవిరి దగ్గరికే వస్తుంది చూశారా! నూటికి 40 వంతులు కరెంటు అయితే 8 కోట్ల జౌళ్లు. లేసర్‌కు 2 కోట్లు తిరిగి ఇచ్చేస్తే అమ్మడానికి 6 కోట్లు మిగులుతాయి. సెకండుకు పది గుళికలు పేలిస్తే 600 మెగావాట్లు. రామగుండం పాత కేంద్రంలోని ఒక పెద్ద యూనిట్ అంతకు కాస్త తక్కువ.

లాభం 100 కాక 25 మాత్రమే అయితే? వచ్చిన కరెంటంతా లేసరే మింగేస్తుంది. వేసి చూడండి. ఇప్పటికి వచ్చిన లాభం 4.

సెకండుకు పది అంటే రోజుకు 8 లక్షల 64 వేల గుళికలు. ఇప్పటి యంత్రం ఏడాదికి చేసేవి కొన్ని వందల ప్రయోగాలే, వాటిలో సంలీనానివి కొన్నే. ఒక్కో గుళిక నెలల తరబడి చేతితో చేసే నగ వంటిది. మన కాగితం కేంద్రంలో ఒక గుళిక అమ్మకానికి ఇచ్చే కరెంటు 6 కోట్ల జౌళ్లు, అంటే 16 యూనిట్లకు పైన. యూనిట్ 5 రూపాయలనుకుంటే 83 రూపాయలు. ఇందులోంచే యంత్రం ఖరీదు, జీతాలు, వడ్డీ రావాలి. కాబట్టి గుళిక ధర అయిదారు రూపాయలు మించకూడదు. వజ్రపు గుళికను, బంగారు గొట్టాన్ని ఆ ధరకు ఎవరు చేస్తారు? అందుకని బంగారం బదులు సీసం వంటి చౌక లోహాలు, లేదా గొట్టమే లేకుండా గుళికను లేసర్‌తో నేరుగా కాల్చడం, వజ్రం బదులు నురుగు వంటి పదార్థాలు ఆలోచిస్తున్నారు. భౌతికశాస్త్రం కంటె ఈ అయిదు రూపాయల ప్రశ్నే లేసర్ విద్యుత్తుకు పెద్ద పరీక్ష అని నాకు అనిపిస్తుంది.

పేలే గదికి ఎదురుగా కటకాలు ఉండాలి. సెకండుకు పది పేలుళ్లకు అవి మసిబారకూడదు, పగలకూడదు. ఎగిరి వస్తున్న గుళికను అన్ని పుంజాలూ ఒకే క్షణంలో తాకాలి. గది గోడలను రాత్రింబవళ్లు న్యూట్రాన్లు గుద్దుతుంటే ఉక్కు పెళుసుబారుతుంది, రేడియోధార్మికం అవుతుంది. ఈ వ్యర్థం యురేనియం వ్యర్థమంత కాలం బాధించదుగాని, అసలు లేదనడం నిజం కాదు.

ఇంధనం మాటేమిటి?

డ్యుటీరియానికి కరువు లేదు. నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు 6,500కు ఒకటి డ్యుటీరియమే. మీరు మరిగించిన ఆ బిందెడు నీళ్లలోనే గ్రాములో మూడో వంతు ఉంది. మణుగూరు దగ్గరి భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి వేరు చేస్తున్నది ఈ డ్యుటీరియంతో కూడిన నీటినే. అక్కడి భారజలం మన విచ్ఛిత్తి రియాక్టర్లకు వెళ్తుంది.

ట్రీటియం అలా దొరకదు. దాని అర్ధజీవిత కాలం 12.3 ఏళ్లు. దాచుకున్నా కరిగిపోతుంది. మనం కట్టిన కాగితం కేంద్రానికి రోజుకు సుమారు 300 గ్రాములు కావాలి. ప్రపంచంలో పౌర అవసరాలకు ఉన్న నిల్వ మొత్తం కొన్ని పదుల కిలోలే! దీనికి ఉపాయం ఉంది. గది చుట్టూ లిథియం ఉంచితే, వచ్చిన న్యూట్రాన్ లిథియం కేంద్రకాన్ని తాకి హీలియంగా, ట్రీటియంగా విడగొడుతుంది. ఒక న్యూట్రాన్‌కు ఒక ట్రీటియం తిరిగి రావాలి. దారిలో కొన్ని న్యూట్రాన్లు వృథా అవుతాయి కాబట్టి బెరీలియం, సీసం వంటి వాటితో న్యూట్రాన్లను పెంచుకోవాలి. సూత్రం తెలుసు. పూర్తి స్థాయిలో ఇలా ట్రీటియాన్ని పండించి చూపిన యంత్రం మాత్రం ఇంతవరకు ఎక్కడా లేదు.

ఇది పేలితే బాంబే గదా అని కొందరికి భయం. ఒక గుళికలో ఉండేది మిల్లీగ్రాముల ఇంధనం. లేసర్ ఆగితే అంతా ఆగిపోతుంది, విచ్ఛిత్తిలోలాగా గొలుసు చర్య లేదు. అయితే బాంబుతో సంబంధం లేదనీ చెప్పకూడదు. అమెరికా 1992 తరువాత అణ్వస్త్ర పరీక్షలు జరపలేదు. తన దగ్గరున్న హైడ్రోజన్ బాంబుల స్థితిని పరీక్షలు లేకుండా తెలుసుకోవడానికే ముఖ్యంగా ఈ యంత్రానికి డబ్బు పెట్టింది. ఫ్రాన్సులో బోర్డో నగరం దగ్గర ఉన్న మెగాజౌల్ లేసర్ కూడా ఆ కోవలోదే. విద్యుత్తు ఆశ వెనుక వచ్చింది.

మన దేశంలో సంలీన పరిశోధన ఎక్కువగా అయస్కాంతాల దారిన సాగుతోంది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే టోకమాక్ 1989లో పని మొదలుపెట్టింది. ఫ్రాన్సులో అనేక దేశాలు కలిసి కడుతున్న ఇటెర్ యంత్రంలో మనమూ భాగస్వాములం. దాన్ని కప్పి ఉంచే బ్రహ్మాండమైన ఉక్కు పాత్ర భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడల మీద వెళ్లాయి. లేసర్ల సంగతికి వస్తే, ఇండోర్‌లో రాజా రామన్న పేరు మీద ఉన్న ఉన్నత సాంకేతిక కేంద్రంలో శక్తిమంతమైన లేసర్లు తయారుచేసి, వాటితో ప్లాస్మాను పుట్టించి పరీక్షిస్తున్నారు.